మొగ దగ్గర బేరం

నాలుగో రోజూ అదే.
బహుదా సముద్రంలో కలిసే చోట, సోనాపూర్ మొగలో,
మోకాటి లోతు నీళ్ళలో నిలబడి
మూడువందల అరవై పెట్టి బరంపురంలో కొన్న
ప్లాస్టిక్ చేపని విసురుతున్నాను.
ఎర్ర తల, బంగారు ఒళ్ళు,
కడుపులో గలగలమనే గుళ్ళు,
కింద మూడేసి ముళ్ళ కొక్కేలు రెండు.
నాకే కొరకాలనిపించేంత బాగుంటుంది.

పండుగప్ప రాదని కాదు. వస్తుంది.
తేనీళ్ళ రంగు నీటి అడుగున
ఇత్తడి బిందె దొర్లినట్టు ఒక మెరుపు
వెనకాలే వస్తుంది,
బొమ్మ తోక దాకా మూతి తెచ్చి
పక్కకి తిరిగి పోతుంది.
ఫోను చూపించి, రేటు అడిగి,
"ఇంట్లో కనుక్కుని వస్తా"నని
మళ్ళీ రాని గిరాకీలా.

నాది ఫోన్లు బాగుచేసే కొట్టు, సుర్లా రోడ్డులో.
బోర్డు ఒడియాలో, తిట్లు తెలుగులో,
లెక్కలు ఏది ముందు నోటికొస్తే అందులో.
ఆవగింజంత మరని ఊపిరి బిగబట్టి విప్పుతాను.
ఈ చేప దగ్గర మాత్రం చేతికి తీట.
వేగంగా లాగాను. ఇంకా వేగంగా లాగాను.
తెల్లారకముందు వచ్చాను, దీపాలవేళ వచ్చాను,
అమావాస్య పోటు ఎక్కేటప్పుడు,
పాటు తీసేటప్పుడు.
ఒక కొక్కెం నా టోపీని పట్టింది.
ఇంకొకటి సూరాడ దానేసు వలని పట్టింది,
ఆ మాటలు ఇక్కడ రాయలేను.

గట్టు మీద తట్ట దించుకుని
అడ్డపొగ పెట్టుకుని
కొర్లమ్మ చూస్తోంది ఇదంతా.
పడవలొచ్చేదాకా ఆమెకి వేరే పని లేదు.
"ఏటి బాబూ, దానికి నాటకం ఆడి సూపిత్తన్నావా?"
"వస్తోంది గాని పట్టటం లేదమ్మా."
"ఎలాగ పడతాది? సచ్చిపోయే సేప
అలాగ గెంతుతాదేటి?
కొయ్యింగపిల్లకి దెబ్బ తగిల్తే
ఒక్కమారు ఒణుకుతాది. ఆగిపోతాది.
మరోమారు ఒణకాలా, వద్దా, అని ఆలోసిత్తాది.
ఆ ఆలోసన మీదికే వత్తాదిరా పండుగప్ప."
పొగ వదిలి, మళ్ళీ:
"నా యాపారమూ అంతే.
బేరగాడు మొప్ప ఎత్తి సూత్తాడు, ఏలుతో నొక్కుతాడు,
ఎల్లిపోతాడు. పిలవను.
ఈగలు తోలుకుంటాను.
పది అడుగులు. ఆడే తిరుగుతాడు."

విసిరాను.
రెండు చుట్లు లాగాను.
ఆపాను.

ఆపటం ఎంత కష్టమో!
వేళ్ళు వాటంతటవే తిరుగుతామంటాయి.
నురుగు మోకాలి చుట్టూ తిరిగి వెళ్ళింది.
ఎక్కడో పడవ ఇంజను దగ్గింది.
ఏమీ లేదు.
మణికట్టుతో ఒక్క ఒణుకు ఇచ్చాను, గోరంత.
మళ్ళీ ఆపాను.
జేబులో ఫోను మోగింది, తియ్యలేదు,
ఇంకా మోగుతూనే ఉంది,

గాలికి తలుపు పడ్డ చప్పుడు.

దారం నీటిని కోసుకుంటూ సముద్రం దారి పట్టింది.
గాల్లోకి లేచి తల విదిలించినప్పుడు
దాని కన్ను చూశాను,
అడ్డపొగ కొసలా ఎర్రగా.
చెంప మీది కత్తి దారాన్ని గీస్తూనే ఉంది.
ఒడ్డుకి తెచ్చాక చూస్తే
మిగిలింది వెంట్రుక మందం.
నాలుగున్నర కిలోలుంటుంది.
ప్లాస్టిక్ చేపకి ఒక కన్ను ఊడిపోయింది.

కొర్లమ్మ లేచి వచ్చింది.
మొప్ప ఎత్తి చూసింది. వేలుతో నొక్కింది.
"ఎంత?"
"కిలో అయిదొందలు."
ఏమీ అనలేదు.
తట్ట నెత్తికెత్తుకుని నడిచింది.
ఒకటి, రెండు, మూడు.
పిలవకూడదని నాకు తెలుసు.
ఇప్పుడే కదా నేర్చుకున్నాను.
ఆరు.
ఏడో అడుగు దగ్గర ఆమె ఆగింది.
తిరగలేదు.
భుజమ్మీద పైట సర్దుకుంది, కొంచెం,
గోరంత,

"మూడొందలకి ఇచ్చేస్తానమ్మా!"

కొరికేశాను.